మొహమాటానికి ఒక గుటక

రోగిని చూడ్డానికి వట్టి చేతులతో రాకూడదన్న నియమం ఎవరు పెట్టారో గానీ, వాళ్ళు నాకు దొరికితే బాగుండు. తెనాలిలో మా ఇంటికి వచ్చే ప్రతి ఒక్కరి చేతిలో కొబ్బరిబోండాలో, బత్తాయిలో ఉంటాయి. మా ఆయనకు మోటార్ న్యూరాన్ జబ్బు. కండరాలకు కబురందించే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయి. ముందు చేతులు, తర్వాత కాళ్ళు, ఆ తర్వాత మాట పోయాయి. ఇప్పుడు గుటక వంతు. పల్చటి నీళ్ళు దారితప్పి ఊపిరితిత్తుల్లోకి పోతాయట. ఏదైనా చిక్కగా కలిపి, గడ్డం దించి, చిన్న చెంచాతో పట్టాలన్నారు డాక్టరు. అదీ కుదరనినాడు పొట్టలోకి గొట్టమే.

బుర్ర మాత్రం నిక్షేపంగా ఉంది. అయినా బాపట్ల నుంచి వచ్చిన చిన్నాన్న ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, "ఒరేయ్, నేనెవరో గుర్తుపట్టావా?" అని అరిచాడు.

"వినపడుతుందండి మామయ్యగారూ" అన్నాను.

"నరాల బలహీనతేనమ్మా. నువ్వుల నూనెతో మర్దనా చేయించు."

ఎవరికి చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

పోయిన వారం రేపల్లె నుంచి ఆయన అక్క బోండాలు పట్టుకొచ్చింది. ఏమీ తాగించొద్దని గుమ్మంలోనే చెప్పి, కాఫీ కలపడానికి వంటింట్లోకి వెళ్ళాను. వచ్చినవాళ్ళకి కాఫీ ఇవ్వకపోతే మళ్ళీ అదో మాట. పాలు పొంగేలోపే దగ్గు వినపడింది. పరిగెత్తుకొచ్చేసరికి ఆయన మొహం నల్లబడిపోయింది. ముందుకు వంచి పట్టుకుని, నోట్లోది సక్షన్ మిషన్‌తో లాగాను. ఆయన ఊపిరి కుదుటపడేదాకా నాకు ప్రాణం లేదు.

"చెప్పాను కదా వదినా."

"నోరు తెరిచాడమ్మా. దాహమేసిందేమో అనుకున్నా" అని ఏడ్చింది.

నా కోపం ఆయన మీదికి మళ్ళింది. వద్దంటే కళ్ళు గట్టిగా మూసుకోవాలని మా ఒప్పందం. "మూసుకోవచ్చుగా? మొహమాటానికి ప్రాణం మీదికి తెచ్చుకుంటారా?" అని అడిగాను. నేను అక్షరాలు వరసగా చదువుతుంటే కావలసిన చోట రెప్ప వేస్తారు. అలా కూడబలుక్కుని చెప్పారు: "అక్క పెడుతోంది."

తల్లి పోయాక ముద్దలు కలిపి పెట్టి పెంచింది ఆవిడే. నాకు తెలియదా? తెలిసే ఒళ్ళు మండింది.

గొట్టం ఇక త్వరలోనే వేయాలంటున్నారు డాక్టరు. ఆ తర్వాత ఆయన నోటికి ఎవరి చెయ్యీ అక్కర్లేదు. నిన్న వదిన మళ్ళీ వచ్చింది. బోండాం నీళ్ళలో చిక్కబడే పొడి నేనే కలిపి, చెంచా ఆవిడ చేతికిచ్చాను. పక్కనే నిలబడి గడ్డం దించి పట్టుకున్నాను. ఆయన నోరు తెరిచారు. కాఫీ మాత్రం ఇవ్వలేదు. రేపల్లె వెళ్ళి అందరికీ చెప్పుకోమన్నాను.