పొద్దన్నుంచి ఏం తింటివి

డోన్ దగ్గర దొరలు పెట్టిన మిషన్ బడిలో మాకు పాఠాలు చెప్పిన అయ్యగారే ఆదివారం చర్చిలో ప్రసంగం చేసేవారు. సాయంత్రాలు మనసు చెదిరినవాళ్లు ఆయన అరుగు మీదికి వచ్చేవారు. ఎవరొచ్చినా మొదట ఒకటే అడిగేవారు.

"పొద్దన్నుంచి ఏం తింటివప్పా?"

ఏడుపైనా, ప్రార్థనైనా ఆ తర్వాతే. మా అమ్మ పోయినప్పుడు నన్నూ అదే అడిగితే ఒళ్లు మండింది. ఆయన సంగటి తెచ్చి పెట్టి, తినేదాకా పక్కనే కూర్చున్నారు.

ఆయన భార్యను సమాధి చేసిన మర్నాడు వెళ్లాను. అరుగు మీద ఆయన పక్కనే కూర్చున్నాను.

"ఏమన్నా తింటిరా అయ్యగారూ?"



"ఏమోప్పా. ఉండు, ఆమెను అడిగి చెప్తా" అని వంటింటి వైపు తిరిగారు.

తలుపు గొళ్లెం పెట్టి ఉంది. ఇద్దరం అటే చూస్తూ కూర్చున్నాం.