ఉత్త కాలెట్

మడికొండలో మా బావకు ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న లేత్ మిషన్ ఉండేది. దానికి కాలెట్లు కొనడానికి నన్ను వెంట తీసుకుపోయేవాడు. కాలెట్ అంటే రాడ్డును చుట్టూరా ఒకేలా పట్టుకునే, చీలికలున్న ఉక్కు తొడుగు. దుకాణదారు మొత్తం సెట్టు తీసుకోమంటే వినేవాడు కాదు. జేబులోంచి ఇత్తడి రాడ్డు ముక్క తీసి ఒక్కోదాంట్లో దూర్చి చూసేవాడు.

"మూడు దవడల చక్‌ల పెడితే రాడ్డు మీద గాట్లు పడ్తయి బామ్మర్దీ. గిదైతే అంతట సమానంగ పట్టుకుంటది," అనేవాడు.

దుకాణదారు ఖాళీ కాలెట్‌ను బిగించి చూపబోతే మాత్రం చెయ్యి పట్టి ఆపేవాడు.

"ఉత్తగ బిగియ్యకు. లోపల ఏదన్న ఉండాలె. లేకుంటె ముడుచుకపోయి పాడైతది."

ఇంట్లోనూ అదే మాట. అక్కా నేనూ నవ్వుకునేవాళ్లం.

బావ పోయాక లేత్ కొనడానికి ఒకతను వచ్చాడు. దినాలు అయిపోయినా అక్క ఏడవలేదు, ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. నాకూ ఏమీ అనిపించడం లేదు. అంత బరువును ట్రాలీలోకి ఎట్లా ఎక్కించాలా అని చూస్తున్నాను.

అతను స్పానర్ తీసుకుని ఖాళీ కాలెట్ నట్టు తిప్పసాగాడు.

"ఉత్తగ బిగియ్యకు తమ్మీ," అంది గుమ్మంలోంచి అక్క. "లోపల ఏదన్న ఉండాలె."

అతను ఆగాడు. అక్క వచ్చి, బల్ల మీదున్న బావ ఇత్తడి ముక్కను అందులో పెట్టి తనే బిగించింది.

సాయంత్రం లేత్ వెళ్లిపోయింది. ముక్క దాంట్లోనే ఉంది. తీయమని అక్క అనలేదు, నేనూ తీయలేదు.