అమ్మాజీ పెట్టె మూసిన మూడేళ్ళు

జూబ్లీ హిల్స్‌లో చలపతిరావు ఇంటి ముందు సినిమావాళ్ళ జనరేటర్ వ్యాను వచ్చి ఆగిందంటే, మేడమీద గదిలో ఉండే అతని తల్లి అమ్మాజీ చప్పుడు చేయకూడదు. అది ఆ ఇంటి కట్టడి. 1987 వేసవిలో మొదలై మూడేళ్ళు నడిచింది. డెబ్భై నిండిన మనిషి షూటింగ్ రోజుల్లో చెప్పులు విడిచి నడిచేది. పూజగంట నాలుకకు గుడ్డపీలిక చుట్టేది. దగ్గొస్తే దిండులో మొహం పెట్టుకుని దగ్గేది. కిటికీ పక్కనున్న హార్మోనియం మూత మాత్రం అసలు తీసేది కాదు.

"కింద మైకులు పెడతారమ్మా. గుండుసూది పడ్డా రికార్డైపోతుంది. నీ పెట్టె మోత గనక అందులో పడిందా, ఆ రీలంతా బుట్టదాఖలు" అని కొడుకు చెప్పాడు.

అమ్మాజీ నమ్మింది. ఇంకెవరైనా అయితే రెండో రోజే కిందికి వెళ్ళి చూసి వచ్చేవారు. ఆవిడ వెళ్ళలేదు. ఎందుకంటే ఆవిడ నాటకాలవాళ్ళ బిడ్డ. నటుడు పద్యం ఎత్తుకున్నాక తెర వెనక చెంబు కూడా కదపకూడదని నాలుగో ఏట నేర్చుకుంది. సినిమా కూడా అంతేననుకుంది. కింద నుంచి "సైలెన్స్!" అన్న కేక వినబడగానే, చేతిలో ఏముంటే అది అలాగే పట్టుకుని ఆగిపోయేది.

తండ్రి పట్టాభిరామయ్య తెనాలిలో పేరున్న హార్మోనిస్టు. కాళ్ళతో తొక్కే పెట్టె ఆయనది. నాటకం కంపెనీతోపాటు ఆ పెట్టె కాలువ పడవల మీద రేపల్లెకూ, జోడెద్దుల బండి మీద గుడివాడకూ వెళ్ళేది. తల్లి లేని పిల్ల గనక అమ్మాజీ కూడా వెళ్ళేది. ఆవిడ చేసిన మొదటి ప్రయాణాలన్నీ పెట్టె పక్కన కూర్చుని చేసినవే. వాన పడితే తండ్రి గొడుగు ముందు పెట్టెకు పట్టేవాడు, తర్వాత కూతురికి.

ఆవిడకు పదమూడేళ్ళప్పుడు రేపల్లెలో తండ్రి చూపుడువేలికి గోరుచుట్టు లేచింది. ఆట ఆపడానికి వీల్లేదు. పక్కతెర చాటున పిల్లను కూర్చోబెట్టి వాయించమన్నాడు. ఒక్క పద్యానికి జనం మూడుసార్లు "వన్స్ మోర్" కొట్టారు. ఆట అయ్యాక వేషగాడు మెడలో దండ తీసి హార్మోనిస్టుకు వేద్దామని తెర వెనక్కి వచ్చాడు. పరికిణీ కట్టుకున్న పిల్లను చూశాడు. దండ పట్టుకెళ్ళి తండ్రి మెడలో వేశాడు. తండ్రి వేయించుకున్నాడు.

అరవై ఏళ్ళ కిందటి ఆ దండ గురించి మనవరాలు లీలాకుమారికి ఆవిడ వందసార్లు చెప్పి ఉంటుంది. చెప్పిన ప్రతిసారీ కొత్తగా కోపం వచ్చేది.

పెళ్ళయ్యాక మొగుడు వీరరాఘవయ్య వాయించుకోమన్నాడు, కాకపోతే వీధి తలుపు వేసుకుని. ఆయన రిజిస్ట్రారాఫీసు గుమాస్తా. ఆఫీసరు ఆ వీధినే నడిచి వెళ్తాడని ఆయన భయం. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆవిడ తలుపు వేసుకునే వాయించింది. 1968లో ఇద్దరూ యాత్రా స్పెషల్ రైల్లో కాశీకి వెళ్ళారు. అందరూ కాశీలో ఇష్టమైన కాయో పండో వదిలి వచ్చారు. ఈవిడ మాత్రం ఘాటు మెట్ల మీద చేతిపెట్టె వాయిస్తున్నవాడి ముందు ఆగి, తిత్తి దగ్గర చెయ్యిపెట్టి చూసి, గాలి పోతోందని సైగలతో వాడికి చెప్పి, తన చీరకొంగు చింపి చిరుగు కట్టించి వచ్చింది. కాశీ ఎలా ఉందని ఎవరడిగినా ఈ ముక్కే చెప్పేది.

మొగుడు పోయాక, 1985లో, పొగాకు వ్యాపారంలో కలిసొచ్చిన కొడుకు జూబ్లీ హిల్స్‌లో ఇల్లు కట్టి తల్లిని తీసుకొచ్చాడు. ఆవిడ తండ్రి పెట్టె లేకుండా రానంది. పెట్టె లారీలో వచ్చింది. బండల గుట్ట మీద కొత్త ఇల్లు, చుట్టుపక్కల వినేవాళ్ళు లేరు, వేయాల్సిన వీధి తలుపు లేదు. పొద్దున కాఫీ తాగి రెండు గంటలు, సాయంత్రం ఒక గంట తొక్కేది. బతుకులో మొదటిసారి కిటికీలన్నీ తెరిచి వాయించింది. ఆ సుఖం రెండేళ్ళు ఉంది.

తర్వాత కాశీవిశ్వనాథం అనే ప్రొడక్షన్ మేనేజరు వచ్చి హాల్లోని వంపు తిరిగిన మెట్లు చూసి, "ఈ మెట్ల మీద హీరోయిన్ దిగితేనండీ, సినిమా సగం హిట్టయిపోయినట్టే" అన్నాడు. గేటు ముందు సినిమావాళ్ళ కార్లు ఆగుతాయంటే చలపతిరావు పొంగిపోయాడు.

మొదటి రోజు షూటింగ్‌కు అమ్మాజీ కిందే కుర్చీ వేసుకుని కూర్చుంది. హీరో తల్లి పోయే సీను. షాట్ అయ్యాక, అందరూ చప్పట్లు కొడుతుంటే, ఆవిడ హీరోను దగ్గరకు పిలిచింది.

"నాయనా, తల్లి పోతే ఎవడూ అంత గొంతు పెట్టుకుని అరవడు. ముందు ఊపిరి ఆగిపోతుంది. తర్వాత కింద శ్రుతిలో మొదలవుతుంది ఏడుపు. నువ్వు బస్సు తప్పిపోయినవాడిలా అరిచావు."

లైట్‌మేన్లు నవ్వారు. హీరో వెళ్ళి గంటసేపు కార్లో కూర్చున్నాడు. కొడుకు మైకుల మాట చెప్పింది ఆ మర్నాడే. ఈ రెంటికీ సంబంధం ఉంటుందని ఆవిడకు తట్టలేదు.

మొదట్లో షూటింగ్ నెలకు ఐదారు రోజులుండేది. తర్వాత ఇరవై రోజులైంది. మిగతా రోజుల్లో వాయించడానికి కూర్చుంటే వేళ్ళు మాట వినేవి కావు. రోజూ తొక్కితేనే పెట్టె బతుకుతుంది, రోజూ వాయిస్తేనే చెయ్యి బతుకుతుంది. ఆఖరి ఏడాది ఆవిడ దాని మీద పాత దుప్పటి కప్పేసింది. కోడలు నాగేశ్వరి దాని మీద ఇస్త్రీ బట్టలు పెట్టడం మొదలెట్టింది.

1990 ఆగస్టులో ఒక మధ్యాహ్నం, బయటి మెట్లెక్కి పనిమనిషి వేషంలో ఉన్న ఒకామె మేడమీదికి వచ్చింది. పేరు బాలమణి. కృష్ణానగర్‌లో ఉంటుంది, జూనియర్ ఆర్టిస్టు.

"అవ్వా, జర మంచినీళ్ళిస్తవా? మా జూనియరోళ్ళ కుండ ఒడిసిపోయింది."

అమ్మాజీ పెదాల మీద వేలు పెట్టి, గ్లాసుతో నీళ్ళిచ్చింది.

"ఏందవ్వా, గొంతు పోయిందా?"

"మెల్లిగా మాట్లాడు" అని అమ్మాజీ గుసగుసగా అంది. "కింద షాట్ నడుస్తోంది. మైకులో పడుతుంది."

బాలమణికి నవ్వొచ్చి నోట్లో నీళ్ళు బయటికి వచ్చాయి.

"మైకా? గీడ మైకెక్కడిది అవ్వా! మాటలన్నీ ఎనకసిరి డబ్బింగ్ థియేటర్ల చెప్తరు గదా. కెమెరానే కుట్టుమిషన్ లెక్క గరగర మంటది. డైరెక్టర్ సారేమో షాట్ నడుస్తుంటెనే ఏడువు, ఇంక ఏడువు అని ఒర్లుతుంటడు. గా హీరోయిన్ పోరికి తెలుగే రాదు. ఒకటి, రెండు, మూడు అని అంకెలు చదువుతది. గొంతు ఇంకొకామె ఇస్తది."

"మరి సైలెన్స్ అని అరుస్తారేం?"

"గదా? మా అసొంటోళ్ళ నోరు మూపియ్యనీకి."

బాలమణి తిరిగిచ్చిన ఖాళీ గ్లాసు అమ్మాజీ చేతిలో అలాగే ఉండిపోయింది. బాలమణి ఆ మొహం చూసి భయపడింది.

"మైకులని నీకెవరు చెప్పిండ్రు?"

"నా కొడుకు."

"అయ్యో... జర నా పేరు చెప్పకవ్వా. రేపటి సంది పిలవరు నన్ను" అని గబగబా దిగిపోయింది.

సాయంత్రం లీలాకుమారి స్కూలు నుంచి వచ్చింది. అమ్మాజీ గొంతు తగ్గించకుండా అడిగింది.

"లీలా, కింద మైకులుంటాయా?"

పిల్ల బూట్ల లేసు విప్పుతూ తల ఎత్తలేదు. "నాన్న చెప్పొద్దన్నాడు నాయనమ్మా."

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"మొదట్నుంచీ."

"మీ అమ్మకి?"

"అందరికీ తెలుసు."

అందరికీ అంటే వంటమనిషికి తెలుసు. డ్రైవరుకు తెలుసు. తను దిండులో దగ్గుతుంటే వాళ్ళంతా వింటూ కాఫీలు తాగారు. ఆవిడ లేచి ఇస్త్రీ బట్టలు తీసి నేల మీద పడేసింది, దుప్పటి లాగింది, మూత తెరిచింది. లోపల ఎలుక పీచుతో గూడు కట్టుకుంది. కాలు తొక్కితే తిత్తి చిరుగులోంచి గాలి బుస్సుమంది. ఒక మెట్టు నొక్కకుండానే కీచుమంది. సరిగమల్లో మధ్యమం మెట్టు నొక్కితే అసలు పలకలేదు. చెక్క చెక్కకు తగిలి టక్‌మంది. తండ్రి పోయాక ఆయన బట్టలు పంచిపెట్టినప్పుడు కూడా ఏడవని మనిషికి అప్పుడు కళ్ళు మండాయి. ఏడుపు రాలేదు. కోపమే వచ్చింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర రెండు ముద్దలే తిని లేచింది. నాగేశ్వరి, "ఒంట్లో బాగాలేదా అత్తయ్యా?" అంటే, "నాకేం, రాయిలా ఉన్నాను" అంది.

మర్నాడు పదింటికి కాశీవిశ్వనాథాన్ని పైకి పిలిపించింది.

"ఈ పెట్టె కింద హాల్లో పెట్టించు. కెమెరా వెనక."

ఇంటివాళ్ళు వాడుకోమని ఇస్తున్నారనుకుని అతను సంబరపడ్డాడు. "అలాగే మామ్మగారూ! పాత సామాన్లకి ఇప్పుడు మంచి గిరాకీ ఉందండీ." నలుగురు లైట్‌మేన్లు దించి పెట్టారు. ఆవిడ వెనకే దిగి, దాని ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. చెప్పులు వేసుకునే ఉంది.

"సైలెన్స్! స్టార్ట్ కెమెరా! యాక్షన్!"

హీరోయిన్ వంపు మెట్ల మీద ఏడుస్తూ దిగుతోంది. ఒకటి, రెండు, మూడు అంటోంది. అమ్మాజీ రెండు కాళ్ళూ తొక్కి, పది వేళ్ళూ పెట్టె మెట్ల మీద వేసింది. చిరిగిన తిత్తి రొప్పింది, మెట్టు కింద ఇరుక్కున్న ఇత్తడి రీడు కీచుమని మొదలెట్టి ఆగలేదు, ఎలుక పీచు గాల్లోకి లేచింది. హాల్లో ఉన్నవాళ్ళు చెవులు మూసుకున్నారు. డైరెక్టరు ఒక్కసారి వెనక్కి చూశాడు. మళ్ళీ ముందుకు తిరిగి, ఆ మోతను మించి, "కళ్ళు తుడుచుకో! కింద మెట్టు మీద ఆగు! ఇంకా ఏడువు!" అని అరిచాడు. హీరోయిన్ పద్నాలుగు దాకా లెక్కపెట్టి ఆగింది.

"కట్! ఓకే!"

చలపతిరావు ఆఫీసు గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా! ఏంటిది? షాట్ జరుగుతోంది!"

"జరగడం కూడా అయిపోయింది. ఓకే అట." డైరెక్టరు వైపు తిరిగింది. "బాబూ, నా మోత నీ ఫిల్ములో పడిందా?"

"ఎందుకు పడుతుంది మామ్మగారూ? ఇక్కడ సౌండ్ తీయం కదా. ఎవరు చెప్పారు?"

"ఈయనగారు చెప్పారు."

హాలంతా చలపతిరావును చూసింది. జూనియర్ ఆర్టిస్టుల గుంపులో బాలమణి కొంగు నోట్లో కుక్కుకుంది.

"పైకి పదమ్మా, మాట్లాడుకుందాం" అన్నాడతను మెల్లిగా.

"మూడేళ్ళు పైనే ఉన్నాగా? అప్పుడేం మాట్లాడావు?"

"నేనేం చేసేది? ఆ రోజు హీరో కార్లో కూర్చుంటే నా తల కొట్టేసినట్టయింది. కింద ఉంటే నువ్వు ఊరుకోవు, ఏదో ఒకటి అంటావు."

"అంటాను. అయితే ఆ మాట నా మొహాన చెప్పాల్సింది. నీ నోరు మంచిది కాదు, కిందికి రాకు అనాల్సింది. నిన్ను నాలుగు తిట్టి పైకెళ్ళి నా పెట్టె నేను వాయించుకునేదాన్ని. ఆటగాడి ముందు చప్పుడు చేయకూడదన్నది మా నాన్న నాకు నేర్పిన మర్యాదరా! నువ్వు దాన్ని తాడు చేసి, దాంతోనే నన్ను మంచానికి కట్టావు. మీ తాత నన్ను తెర చాటున కూర్చోబెట్టాడు గానీ వాయించనిచ్చాడు. మీ నాన్న తలుపు వేయించాడు గానీ వాయించనిచ్చాడు. నువ్వు వాళ్ళను మించిపోయావు."

డైరెక్టరు వాతావరణం తేలిక చేద్దామనుకున్నాడు. "సార్, ఈ పెట్టె ఈ మూల భలే ఉంది. రేపటి సీన్లో ఫ్రేములో ఉంచుదాం."

"ఇది బొమ్మకి పనికిరాదు బాబూ" అంది అమ్మాజీ. "నేను పోయాక అడుగు."

పెట్టె మాత్రం మళ్ళీ పైకి ఎక్కలేదు, ఆవిడ ఎక్కనివ్వలేదు. కొడుకు వారం తిరక్కుండా వెంకటనర్సయ్య అనే ముసలి రిపేరు పనివాణ్ణి వెతికి పట్టుకొచ్చాడు. అతను రెండు రోజులు కూర్చుని తిత్తికి కొత్త తోలు వేశాడు, కీచుమనే రీడు సరిచేశాడు. మధ్యమం రీడు చిలుము పట్టి విరిగింది.

"వచ్చే వారం కొత్తది తెచ్చి ఏస్త అమ్మా" అన్నాడు.

"వద్దు. దాన్ని అలాగే ఉండనీ."

"మధ్యమం లేకుంట ఎట్ల వాయిస్తవు?"

"వాయిస్తాను. అది లేదని ఈ ఇంట్లో అందరికీ రోజూ తెలియాలి."

షూటింగులు ఇంకో రెండేళ్ళు జరిగాయి. కెమెరా తిరుగుతుంటే వెనక ఆవిడ వాయిస్తూనే ఉండేది. యూనిట్ వాళ్ళు దానికి మామ్మగారి రీరికార్డింగ్ అని పేరు పెట్టారు. వేళ్ళు పాత పద్ధతిలోకి పూర్తిగా రాలేదు. ఒకప్పుడు ఒక్క గుక్కలో తిరిగే రాగం సంగతి ఇప్పుడు రెండు ముక్కలయ్యేది. అది ఆవిడకు తెలుసు, తెలిసిన ప్రతిసారీ కాలు ఇంకాస్త గట్టిగా తొక్కేది.

చలపతిరావు భోజనానికి కూర్చునే వేళకే ఆవిడ మొదలెట్టేది. వరస సాఫీగా నడిచి, మధ్యమం దగ్గరికి వచ్చేసరికి టక్. అతని చెయ్యి కంచంలో ఆగేది. మళ్ళీ నడిచేది. మళ్ళీ టక్.

ఒకరోజు అతను ఉండబట్టలేక, "ఆ ఒక్క మెట్టూ వేయించేస్తానమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటాను" అన్నాడు.

ఆవిడ అతని వైపు తిరగనైనా తిరగలేదు.

"నీ డబ్బింగ్ థియేటర్లో వేయించుకో" అని, ఆ మెట్టే మళ్ళీ నొక్కింది.