బేరం తెగిన సీటు

మా బావ మిరపకాయల కమీషన్ దుకాణం నడిపే మనిషి. బావంటే నా భర్తకు అన్న. మహబూబాబాద్ మార్కెట్ యార్డు దగ్గరున్న ఆ దుకాణంలో మా ఆయనకు వాటా ఉంది కానీ నోరు లేదు. పొద్దున జెండా పాటలో, అంటే ఆ రోజు మొదటి వేలంలో, పలికిన ధరను బట్టి సరుకు మంచిచెడ్డలు తేల్చడం బావకు కుర్రతనం నుంచీ అలవాటు. ఎక్కువ పలికితే మంచి కాయ, తక్కువ పలికితే తాలు. యార్డులో అది నిజమే కావచ్చు. ఆయన ఆ లెక్కను నా కూతురి చదువు దాకా పట్టుకొచ్చాడు. అక్కడే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇప్పటికీ పూర్తిగా దిగలేదు.

రెండేళ్ళ కిందటి మాట. పిల్ల ఇంటర్ పాసై, ఎంసెట్ రాసి, వరంగల్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కన్వీనర్ సీటు తెచ్చుకుంది. అడిగిన కంప్యూటర్ బ్రాంచే వచ్చింది. ఇంట్లో స్వీట్లు పంచాల్సిన రోజది. బావ ఫీజు ఎంతని అడిగి, విని, మొహం చిట్లించాడు.

"గింతేనా? గింత తక్కువకు ఇస్తున్నరంటే ఆ కాలేజీల ఏమన్న ఉంటదా?"

మా వరసలోనే ఇంకో దుకాణం వాళ్ళ పిల్ల అంతకుముందు ఏడాది చెన్నై దగ్గర ఏదో యూనివర్సిటీలో చేరింది. అక్కడి ఫీజు ఇక్కడిదానికి మూడింతలు. ఆ పిల్ల తండ్రి సాయంత్రం టీ తాగుతూ ఆ సంగతి నలుగురికీ వినబడేట్టు చెప్పుకునేవాడు. పిల్ల ఏం చదువుతోందని అడిగితే మాత్రం నీళ్ళు నమిలేవాడు. కట్టే ఫీజు గురించి గొప్పలు పోయే మనుషుల్ని నేను మా వ్యాపారస్తుల్లోనే చూశాను. మన పిల్ల వరంగల్‌లో చేరితే మన దుకాణం దెబ్బతిందని అనుకుంటారట. అదీ బావ బెంగ.

వారం తిరక్కుండా జనగామ నుంచి ఒక కన్సల్టెన్సీ అతను వచ్చి దుకాణంలో కూర్చున్నాడు. బయటి రాష్ట్రాల కాలేజీల్లో సీట్లు ఇప్పించడం అతని పని. ఆ చెన్నై యూనివర్సిటీ తాలూకు మెరిసే పుస్తకాలు పరిచాడు. గాజు మేడలు, ఈత కొలను, గుర్రపు స్వారీ. నా పిల్ల చదువుకు పోతోందా, సర్కస్‌కు పోతోందా? మా ఇల్లు దుకాణం వెనకే కాబట్టి టీలు తెచ్చిన నేను గుమ్మంలోనే నిలబడి అంతా విన్నాను.

తర్వాత జరిగింది చెప్తే బయటివాళ్ళు నమ్మరు. అతను ఫీజు చెప్పగానే బావ బేరం మొదలుపెట్టాడు. మిర్చి లాటు కొంటున్నట్టే. అతనొక మాట, ఈయనొక మాట. అతను బ్యాగు సర్దుకుని లేవడం, ఈయన చెయ్యి పట్టి కూర్చోబెట్టడం. చివరికి కొంత తగ్గింది. బావ తొడ చరిచి "తెగింది" అన్నాడు. బేరం తెగిందంటే మా యార్డులో ఇక తిరుగు లేదు. ఆ మాట అన్నాక సరుకు వద్దన్నవాడితో మర్నాడు ఎవరూ బేరం చేయరు. తగ్గించడం కోసమే అతను ముందు పెంచి చెప్పాడని మార్కెట్లో జుట్టు నెరిసిన మనిషికి తట్టలేదా? తట్టలేదు. తగ్గించానన్న సంబరంలో మునిగి ఉన్నాడు. ఆ గదిలో ఒక్కడంటే ఒక్కడు పిల్లను పిలిచి అడగలేదు.

అది చాలదన్నట్టు, బయానా డబ్బుతో పాటు పిల్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా అతని చేతిలో పెట్టాడు. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ అన్నీ. అవి లేకపోతే వరంగల్ కాలేజీ వాళ్ళు చేర్చుకోరు. చేరడానికి గడువు నాలుగైదు రోజులే ఉంది. అది దాటితే పిల్ల సొంతంగా తెచ్చుకున్న సీటు పోయినట్టే.

అతను వెళ్ళాక మా ఆయన్ని పట్టుకున్నాను.

"మీరు ఒక్క మాట మాట్లాడకపోతిరేంది?"

"అన్న మాటిచ్చిండు గదనే. ఇప్పుడు వద్దంటే యార్డుల తలెట్ల ఎత్తుకుంటం?"

"మీ తలకాయలు ఎత్తనీకి నా బిడ్డ సీటు కావాల్నా?"

ఆయన కండువా దులిపి భుజాన వేసుకుని కాంటా దగ్గరికి వెళ్ళిపోయాడు. పెళ్ళైన దగ్గర్నుంచి ఆయన నాకిచ్చే జవాబు అదే.

మర్నాడు భూపాలపల్లి బస్సెక్కాను. ఇంట్లో మాత్రం కాళేశ్వరం దర్శనానికని చెప్పాను. దేవుడి పేరు చెప్తే మా ఇంట్లో ఎవరూ అడ్డం రారు. భూపాలపల్లిలో మా అక్క ఉంటుంది. బొగ్గు గనుల కాలనీలో వాళ్ళకు కిరాణా దుకాణం. అక్క కూతురు సరిగ్గా ఆ చెన్నై యూనివర్సిటీలోనే మూడో సంవత్సరం చదువుతూ సెలవులకు ఇంటికొచ్చి ఉంది. తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటూ అడిగినవన్నీ చెప్పింది.

"చిన్నమ్మా, మా క్లాసుల సగం మంది మనోళ్ళే. ఖమ్మమోళ్ళు, వరంగలోళ్ళు, ఆంధ్రోళ్ళు. హాస్టల్ల అంత తెలుగే. ఇక్కడోళ్ళు చదివేది గదే, మేం చదివేది గదే."

"మరి గంత ఫీజు దేనికే?"

"ఏసీకి" అని నవ్వింది. జుట్టు దులుపుకుంటూ, "పెద్ద కంపెనీలొస్తయ్ గానీ మంచిగ చదివెటోళ్ళనే తీసుకుంటయ్. గసొంటోళ్ళకు ఏడ చదివినా వస్తయ్" అంది.

నాకు నవ్వు రాలేదు. మా అక్క పొద్దున్నుంచీ పప్పులు, నూనెలు తూచి ఆ ఏసీకి కడుతోంది. ఈ ముక్క ముందే నాకెందుకు చెప్పలేదని అక్కను అడిగాను. పిల్లను అంత దూరం పంపి చదువు మామూలే అని నలుగురిలో ఎట్ల చెప్పుకుంటామని గొణిగింది. ఇట్లా ఒక్కొక్కరూ పరువు కోసం నోరు మూసుకునే కదా ఆ జనగామ వాడి వ్యాపారం నడుస్తోంది!

తిరిగొచ్చిన మర్నాడే పిల్లను వెంటబెట్టుకుని రైల్లో జనగామ వెళ్ళాను. బస్టాండు దగ్గర ఒక సెల్‌ఫోన్ దుకాణం మీద అతని ఆఫీసు. ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుని తల్లిదండ్రులు వరసగా కూర్చుని ఉన్నారు. సర్టిఫికెట్లు ఇమ్మన్నాను.

"మీ బావగారు ఇచ్చిండు మేడం. ఆయనొస్తెనే ఇస్తం."

"పిల్ల నాది. సర్టిఫికెట్లు దానియి. నడుమ బావ ఎవరు?"

"గట్ల రూల్ ఉంటది మేడం."

"ఆ రూలు ఏడ రాసుందో చూపియ్యి."

చూపలేదు. ఫోన్ చెవిన పెట్టుకుని లోపలి గదిలోకి పోయాడు. నేను కుర్చీ మధ్యలోకి లాక్కుని కూర్చుని, గొంతు ఏమాత్రం తగ్గించకుండా, అక్క కూతురు చెప్పిందంతా అక్కడున్నవాళ్ళకు చెప్పాను. మా బావకు ఎంత చెప్పి ఎంతకు దిగాడో కూడా చెప్పి, "మీకెంత చెప్పిండు?" అని అడిగాను. కురవి నుంచి కొడుకు కోసం వచ్చిన రైతు ఒక అంకె చెప్పాడు. పక్కనున్నామె ఇంకో అంకె చెప్పింది. ఒకే కాలేజీ, ఒకే సీటు, మనిషికో రేటు. రైతు లేచి లోపలి గది తలుపు దబదబ బాదాడు. కాసేపటికి మా సర్టిఫికెట్ల కవరు నా చేతికొచ్చింది. బయానా గురించి నేను అడగలేదు. పోతే పోయింది, అది బావ తెలివికి కట్టిన ఫీజు.

తిరుగు రైల్లో గెలిచిన ఊపులో నేను ఆగకుండా మాట్లాడుతున్నాను. పిల్ల కవరు తెరిచి సర్టిఫికెట్లు ఒక్కొక్కటే సరిచూసుకుని మళ్ళీ లోపల పెట్టింది.

"అమ్మా, నేనైతే చెన్నైకే పోతుంటి."

"ఎందుకే? భూపాలపల్లి అక్క చెప్పింది నీకు చెప్పిన గదా."

"కాలేజీ సంగతి గాదమ్మా. వరంగల్ల ఉంటే పెద్ద బాపు శనివారం శనివారం ఇంటికి రమ్మంటడు. రెండో ఏడు సంబంధం తెస్తడు. అక్కకు గట్లనే చేసిండు గదా. చెన్నైల ఉంటే ఊకూకె ఎవ్వరు రాలేరు. గందుకనే నేనేం మాట్లాడలే."

పెద్ద బాపంటే బావ, ఇక్కడ అక్కంటే ఆయన కూతురు. హనుమకొండలో డిగ్రీ చదువుతుండగానే పెళ్ళి చేశారు. పెళ్ళయ్యాక పరీక్షలు రాయిస్తామన్నారు, రాయించలేదు. మేమందరం ఆ పెళ్ళిలో కడుపునిండా తిని వచ్చాం. ఆ మూడింతల ఫీజు దేనికి పనికొస్తుందో మా ఇంట్లో ఈ పిల్లకొక్కదానికే తెలుసు. కన్నపిల్ల ఇంటికి దూరం కావడానికి ఖరీదు లెక్కేసుకుంటోంది, ఆ లెక్కలో నాకు తప్పు కనబడలేదు.

"మళ్ళ జనగామ పోదామా? ఇప్పుడే దిగుదాం" అన్నాను. నిజంగానే అన్నాను.

అది నా మొహంలోకి చూసింది. "నువ్వు పెద్ద బాపును ఆపుతవా?"

"ఆపుత."

"చదువు అయిపోయేదాంక?"

"అయిపోయేదాంక."

"అయితే వరంగల్ల చదువుత" అంది.

బావతో నేను ఏనాడూ ఎదురుపడి మాట్లాడిన దాన్ని కాదు. ఆ సాయంత్రం హమాలీలు చూస్తుండగానే దుకాణంలోకి నడిచాను. జనగామ నుంచి ఫోన్ ముందే వచ్చినట్టుంది, నా మాట తీసింది, నా ఇజ్జత్ తీసింది అని అరుస్తున్నాడాయన. అరుపు అయ్యేదాకా ఆగి చెప్పాను.

"పిల్ల వరంగల్ల చదువుతది, హాస్టల్ల ఉంటది. చదువయ్యేదాంక దాని పెండ్లి మాట ఈ ఇంట్ల ఎవ్వరు ఎత్తొద్దు. ఎత్తిన నాడు నేను బిడ్డను తీసుకొని భూపాలపల్లి పోత."

బావ మా ఆయన వైపు చూశాడు. మా ఆయన కాంటా వైపు చూశాడు.

ఈ వేసవిలో పిల్ల భయపడ్డట్టే చేశాడు బావ. జనగామ బట్టల వ్యాపారులను పెళ్ళిచూపులకని కారులో నేరుగా గుమ్మం దాకా తెచ్చి, "ఊకె చూసిపోతరు, పిల్లకు ఫోన్ చేసి రమ్మను" అన్నాడు. పిల్ల లేదు, రాదు అని చెప్పి, మంచినీళ్ళయినా ఇవ్వకుండా వాళ్ళను పంపించేశాను. మావాళ్ళలో అంతకన్నా పెద్ద అవమానం లేదు. భూపాలపల్లి దాకా పోలేదు గానీ, ఆ రోజు నుంచి వంటలు వేరు, పలకరింపుల్లేవు. తోడికోడళ్ళు, ఆడబిడ్డలు అందరూ నన్నే తిట్టిపోస్తున్నారు. తిట్టనీ. నాకు రవ్వంత బాధ లేదు. బాధ ఉన్నది ఇంకో చోట.

మొన్న పిల్ల ఫోన్ చేసింది. పరీక్షలయ్యాయట, హాస్టల్ అంతా ఖాళీ అయిందట.

"ఇంటికొస్తనమ్మా. రైలెక్కితె ఎంతసేపు? పొద్దుగాలొచ్చి సాయంత్రం పోత."

లోపల బావ ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఆ జనగామ సంబంధం ఊసే.

"వద్దు బిడ్డా, నువ్వు రాకు" అన్నాను. "నేనే వస్త."