స్వెట్టర్ జేబులో ఇప్పపువ్వు

మా చిన్నప్పుడు... రేగొండలో మా వంటింటి గోడకి ఒక క్యాలెండర్ వేలాడుతుండేది. ఎరువుల దుకాణం వాళ్ళిచ్చింది. దాని మీద ఒక మంచుకొండ, కింద ఎత్తైన చెట్లు, వాటి మధ్య మనవైపే చూస్తున్న జింక. ఏడాది అయిపోయినా అమ్మ దాన్ని తీయనివ్వలేదు. పొయ్యి ముందు చెమట తుడుచుకుంటూ అటే చూసేది.

"ఒక్కసారన్న గా మంచును చేత్తోని ముట్టుకోవాలె" అనేది... నాకు తెలిసి అమ్మ నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

బాపు తునికాకు కల్లేదారు. అంటే, ఎండాకాలంలో కూలీలు అడవి నుంచి కోసుకొచ్చే బీడీ ఆకు కట్టల్ని కల్లంలో ఎండబెట్టించి, బస్తాలకెత్తించే పని. ఆ ఏడు ఏ గాలి సోకిందో గానీ, "ఈసారి ఆకు ఆలస్యమైతది. ఎండలు ముదరకముందే మంచుకొండలకు పోయొద్దాం, తయారుగుండ్రి" అన్నాడు.

ఇక చూడాలి మా సంబరం! బద్రీనాథ్ యాత్ర చేసొచ్చిన ఒక పెద్దమనిషి దగ్గర బాపు రోజూ కూర్చుని దారి కనుక్కునేవాడు. అక్కడ సర్కారు కాపాడే అడవులున్నాయట, జింకలు రోడ్డు మీదికే వస్తాయట... అమ్మ డబ్బా నిండా మురుకులు చేసింది. కానీ ఎండాకాలంలో స్వెట్టర్లు ఎవరమ్ముతారు? పక్కింటి రజియా ఖాలాని అడిగింది. ఖాలా భర్త లారీ డ్రైవర్, చలిదేశాలన్నీ తిరిగినవాడు. ఆయన స్వెట్టర్లు రెండూ, ఒక మంకీ క్యాపూ ఇచ్చింది. దాంతో వాడకట్టంతా తెలిసిపోయింది. అమ్మ కూడా నల్లా దగ్గర కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుంది.

ఆకు మన మాట వింటుందా... ఆ ఏడు ముందే వచ్చేసింది. రిజర్వేషన్ కోసం బాపు కాజీపేటకి బయలుదేరిన పొద్దుటే కాంట్రాక్టరు మనిషి సైకిల్ దిగాడు.

"కొత్తగూడ దిక్కు కల్లం రేపే మొదలైతది. నువ్వు రాకుంటే ఇంకొకలను పెట్టుకుంటరట."

బాపు చెప్పులు విడిచి గడప మీద కూలబడ్డాడు. అమ్మ వైపు చూడలేకపోయాడు.

అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "కట్టిన పెట్టె కట్టినట్టే ఉండనియ్యి. మేం గూడ నీతోనే కొత్తగూడకు వస్తం. వాడకట్టుల ఎవ్వలకు చెప్పకుండ్రి... నవ్విపోతరు" అంది.

మర్నాడు ఊరికి ఊరే మమ్మల్ని బస్సెక్కించినంత పని చేసింది. ఖాలా అయితే తమ్ముడికి మంకీ క్యాప్ కూడా తొడిగింది... ఆ ఎండలో! వాడు చెమటలు కక్కుకుంటూ కూర్చున్నాడు, పాపం.

కొత్తగూడ అడవిలో పదిహేను రోజులున్నాం. కల్లం పక్కనే ఆకుల గుడిసె. పగలు నిప్పుల కొలిమి. ఒకరోజు తెల్లవారుజామున కాస్త చల్లగాలి వీస్తే, అమ్మ మమ్మల్ని లేపి గుట్ట ఎక్కించింది. ఒక స్వెట్టర్ నాకు తొడిగింది, మోకాళ్ళ దాకా వచ్చింది. రెండోది తనే వేసుకుంది. ఎదురుగా గుట్ట వెనక గుట్ట...

"ఇవి గూడ కొండలే గదనే" అంది. దిగుతుంటే ఒక అవ్వ వేయించిన ఇప్పపువ్వు దోసిట్లో పోసింది. తిన్నంత తిని మిగతాది స్వెట్టర్ జేబులో వేసుకుని మర్చిపోయాను.

తిరిగొచ్చామో లేదో వాడకట్టు ఆడవాళ్ళు చుట్టుముట్టారు.

"మంచు ఎట్లుండె?"

"మస్తుండె. చేతులు కొంకర్లు వోయినయ్."

"మరి పిల్లలు గింత నల్లగైండ్రేంది?"

అమ్మ తడుముకోలేదు. "మంచు మీది ఎండ మన ఎండకంటె ఎక్కువ కాలుస్తది!"

అప్పుడే మేం తిరిగిచ్చిన స్వెట్టర్లు మడతపెడుతున్న ఖాలా ఒకదాని జేబులో చెయ్యి పెట్టింది. ఎండిన ఇప్పపువ్వులు... అవి ఏ అడవివో తెలియనివాళ్ళు మా దగ్గర ఎవరుంటారు? అమ్మ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఖాలా ఒక్క క్షణం చూసి గుప్పిట మూసింది.

"గంత చలిల పిల్లలను జర పైలంగ తీస్కొచ్చినవ్ అక్కా" అంది. అంతే. మళ్ళీ ఎన్నడూ ఆ ఊసెత్తలేదు.

ఇప్పుడు నేను జనగామలో ఉద్యోగం చేస్తున్నాను. బాపు లేడు. అమ్మ నా దగ్గరే. అమ్మకి మంచు చూపించాలని తమ్ముడూ నేనూ మూడేళ్ళుగా ఫోన్లో గ్రూపు పెట్టుకుని కొట్టుకుంటున్నాం. ఏ కొండ, ఏ రైలు, ఏ గది... వాడికి సెలవు దొరికితే నాకు దొరకదు. నాకు దొరికితే వాడి పిల్లకి పరీక్ష. రెండూ కుదిరితే టికెట్లు వెయిటింగ్ లిస్టు. నిజం చెప్తున్నా, అలిసిపోయాను. ఫోన్ మోగితేనే తలనొప్పి.

మొన్న తమ్ముడి మెసేజ్... "వచ్చే ఏడు చూద్దాం అక్కా." వచ్చే ఏడు అమ్మ మోకాళ్ళు ఆగాలి కదా!

గోరుచిక్కుడు ఈనెలు తీస్తున్న అమ్మ పక్కన కూర్చున్నాను. "ఈ ఏడు గూడ కుదిరేటట్టు లేదమ్మా" అన్నాను.

అమ్మ తలెత్తలేదు. "ఎందుకు పరేషానైతవ్ బిడ్డా... మనం ఒకసారి పోయొచ్చినం గద. మంచు చూసినం గద."

నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. అప్పుడు బాపు పరువు కోసం వాడకట్టుకి చెప్పిన అబద్ధం, ఇప్పుడు నా కోసం నాకే చెప్పింది. నాకు ఏడుపొచ్చింది... ఆ గుట్ట మీద అమ్మ పక్కన నేనూ ఉన్నాను కదా.

అప్పుడు దారి చెప్పేవాళ్ళ కోసం వెతుక్కునేవాళ్ళం. ఇప్పుడు దారులన్నీ ఫోన్లోనే ఉన్నాయి, లేనివల్లా ఒక్క పదిరోజులే. మీ ఇంట్లో కూడా వెళ్ళకుండానే వెళ్ళొచ్చిన ఊరు ఏదైనా ఉంటే రాయండి... మా అమ్మకి చదివి వినిపిస్తాను.