రేపల్లె రైల్లో రేసు

సాయంత్రం బడిలో పాఠాలు చెప్పడం అయ్యాక తెనాలిలో రేపల్లె రైలెక్కి, ఫోన్లో కారు రేసు ఆట మొదలుపెట్టాను. పక్క సీట్లో పెద్దాయన, ఎవరో అదే ఆట ఆడుతున్న వీడియోని సౌండు పెట్టి మరీ చూస్తున్నారు. కాసేపటికి నా వైపు తిరిగారు.

"ఈ వయసులో ఆటలేంటమ్మా?"

"మీరు చూస్తున్నదీ అదే ఆట కదండీ?"

"నేను చూస్తున్నానమ్మా, ఆడట్లేదుగా!"

నాకు ఒళ్ళు మండిపోయింది. మూడు వారాలుగా ఓడిపోతున్న రేసు, ఇవాళ పంతం పట్టి ఆడాను. ఆఖరి మలుపులో ఆయనే "బ్రేకెయ్యమ్మా, బ్రేకు!" అని అరిచారు. నేను వెయ్యలేదు, గెలిచాను. ఆయన మాత్రం పెదవి విరిచి, "మా వీడియోలో అతను ఇంకా బాగా ఆడతాడు" అన్నారు.

ఆ 'మా' ఏంటండీ అసలు? మీరైతే ఏమనేవారో చెప్పండి, రేపూ అదే రైలు ఎక్కాలి నేను.