నల్ల తెర మీద నా తిట్లు

నేను చదివింది మూడో తరగతి దాకానే. తెల్లాపూర్‌లో మనవరాలి దగ్గర ఉంటున్నాను. ఒకరోజు దాని ఆఫీసు స్నేహితుడు కొత్త ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి, "నా టెర్మినల్‌లో, అదే ఈ నల్ల తెర మీద, తెలుగంతా డబ్బాలు డబ్బాలుగా వస్తోంది" అన్నాడు.

"ఫాంటు మార్చాలి" అంటూ మనవరాలు ఏదో నొక్కింది. ఆ నల్ల తెర మీది డబ్బాలన్నీ అక్షరాలయ్యాయి. కూడబలుక్కుని చదివాను.

"దుప్పటి కప్పుకునేదానివి ఏసీ ఎందుకే?"

నేను ఇంట్లో దాన్ని తిట్టిన మాటే.

"మీ మనవరాలే రాసి పెట్టిందండి బామ్మగారూ. మా అందరి కంప్యూటర్లలో రోజూ ఇది తెరవగానే మీ తిట్టు ఒకటి వస్తుంది. ఆఫీసంతా నవ్వుకుంటాం" అన్నాడు అబ్బాయి. మనవరాలు తల దించుకుంది.

దాని బాగు కోరి అన్న మాట నలుగురికీ వినోదమైంది. ఇప్పుడది ఏసీ వేసుకుని దుప్పటి కప్పుకున్నా నేనేమీ అనను. లేచి వెళ్లి ఆపేసి వస్తాను.